పచ్చగుడ్డ పరిచే ముందు, పరిచిన తర్వాత
(ఒక థియేటర్ సిస్టర్ అనుభవ పాఠాలు)

తిరుపతి, చిత్తూరు ఆస్పత్రుల థియేటర్లలో నా ఉద్యోగమంతా పచ్చగుడ్డల చుట్టూనే గడిచింది. ఉతికి వచ్చినవాటిని పరిశీలించడం, మడత పెట్టడం, డ్రమ్ముల్లో సర్దడం, ఆటోక్లేవ్ చేయడం, చివరికి రోగి మీద పరవడం నా పని. ఇప్పుడు వాడి పారేసే నీలం కిట్లు వచ్చాయి. అయోడిన్ కలిపిన జిగురుతో చర్మానికి అంటుకునే పల్చటి ప్లాస్టిక్ షీట్లు వచ్చాయి. నర్సింగ్ చదివే పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా "మేడమ్, వీటిలో ఏది వాడితే చీము పట్టదు?" అని అడుగుతారు. ఏ షీటూ మురికిని శుభ్రం చేయదు తల్లీ, శుభ్రం చేసిన చోటును ఆపరేషన్ అయ్యేదాకా కాపాడుతుంది, అంతే అంటాను. ఆ కాపలా ఎలా ఉండాలో కింద రాశాను.

1. చీము ఎక్కువగా రోగి ఒంటి మీది క్రిముల వల్లే పడుతుంది

గాలి, గోడలు, నేల అంటూ అందరూ బయటికే చూస్తారు. గాయంలోకి దిగే క్రిముల్లో ఎక్కువ భాగం రోగి చర్మం మీదివే. స్టెఫైలోకాకస్ ముక్కులో, చంకల్లో, గజ్జల్లో కాపురం ఉంటుంది. ఎంత గట్టి మందు పూసినా వెంట్రుకల కుదుళ్ళ లోతుల్లో ఉన్నవి కొన్ని మిగులుతాయి, గంటలు గడిచేకొద్దీ పైకి వస్తాయి. 1867లో గ్లాస్గో సర్జన్ జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను కాపాడే పద్ధతిని ప్రకటించాడు. ఆయన గాయం చుట్టూ కార్బాలిక్‌లో తడిపిన తువ్వాళ్ళు కూడా పరిచేవాడు. మన క్రిమినాశక డ్రేపులకు, అంటే రోగి మీద పరిచే గుడ్డలకూ షీట్లకూ, అవే పూర్వీకులు.

2. స్నానం, బొడ్డు, మొలతాడు

మనవైపు పల్లెల నుంచి వచ్చే రోగి పొలం నుంచి నేరుగా బస్సెక్కి వచ్చినవాడై ఉంటాడు. ముందురోజు రాత్రి, వీలైతే ఉదయం కూడా, సబ్బుతో ఒళ్ళంతా స్నానం చేయించండి. మామూలు సబ్బు చాలు. తలకు, ఒంటికి నూనె వద్దని ముందే చెప్పాలి.

బొడ్డును ప్రత్యేకంగా చూడండి. వేడి చేసిందని బొడ్డులో ఆముదం వేసుకోవడం మన ఇళ్ళలో మామూలే. ఆ నూనెలో మట్టి, బట్టల పీచు చేరి గట్టిపడి నల్లగా ఒక ఉండ అవుతుంది. లాప్రోస్కోపీలో మొదటి గాటు పడేది అక్కడే. వార్డులోనే దూదిపుల్లతో మెత్తగా తీసి, కడిగి, ఆరబెట్టి పంపాలి. నూనె మీద బెటాడిన్ నిలవదు, షీటు అంటుకోదు.

మొలతాడు సంగతి ఇంకా నాజూకు. పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. మొలతాడు సరిగ్గా గాటు పడే చోటి మీదుగా ఉంది, చెమటకు ముక్కిపోయి ఉంది. వార్డుబాయ్ కత్తెర తీయగానే ఆయన భార్య అడ్డుపడింది.

"మొలతాడు లేకుండా ఎట్ట పండుకుంటాడు సిస్టరమ్మా? మొగోడికి అది పాడు."

"తెలుసు పెద్దమ్మా. కొత్తది తెప్పించి నీ దగ్గరే పెట్టుకో. లోపలికి తీసుకుపొయ్యేటప్పుడు పాతది తీస్తా. బయటికి రాంగానే కొత్తది నువ్వే కట్టు."

"అట్టయితే నీ చేత్తోనే తీయమ్మా" అంది.

తాళి, తాయెత్తు, కాశీదారం ఏదైనా ఇదే పద్ధతి. తెంపి పడేస్తే ఆ కుటుంబం మన మాట ఇక వినదు. ఇంటికెళ్ళాక గాయం ఎలా చూసుకోవాలో మనం చెప్పేది కూడా వాళ్ళ చెవికెక్కదు.

3. మంగలి కత్తి ముందురోజు వద్దు, ఆ రోజూ వద్దు

నేను పనిలో చేరిన రోజుల్లో "పార్ట్ ప్రిపరేషన్" అంటే సాయంత్రం వార్డులో బ్లేడుతో నున్నగా గొరగడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కంటికి కనిపించని గాట్లు మాత్రం వందల్లో పడతాయి, రాత్రంతా వాటిలో క్రిములు పెరుగుతాయి. 1971లో సెరోపియన్, రెనాల్డ్స్ అనే వైద్యులు లెక్క తీశారు. కత్తితో గొరిగినవాళ్ళలో 5.6 శాతం మందికి చీము పట్టింది. గొరగనివాళ్ళలో, వెంట్రుకలు రాల్చే మందు వాడినవాళ్ళలో 0.6 శాతం. ఆపరేషన్‌కు కాస్త ముందు గొరిగితే 3.1 శాతం, 24 గంటల లోపు ముందయితే 7.1, అంతకన్నా ముందయితే 20 శాతం దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు కూడా గొరగొద్దనే చెబుతున్నాయి. వెంట్రుకలు అడ్డమైతే క్లిప్పర్‌తో కత్తిరించాలి, లేకపోతే వదిలేయాలి.

తిరుపతిలో ఈ పాఠానికి ఇంకో ముఖం ఉంది. ఆపరేషన్‌కు ముందు కొండకు వెళ్ళి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, నేరుగా ఆస్పత్రికి దిగివచ్చేవాళ్ళు ఎందరో. కడుపు ఆపరేషన్‌కు దానివల్ల ఇబ్బంది లేదు. తలకో మెడకో అయితే మాత్రం ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. తల మీద తాజా గాట్లు ఉన్నాయేమో గంధం తుడిచి చూడాలి. గాయం మానాక మొక్కు తీర్చుకోవచ్చని వాళ్ళకు నచ్చజెప్పండి. స్వామి తొందరపెట్టడు.

4. మందు ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడండి

బెటాడిన్ పూసిన మరుక్షణం దూదితో తుడిచేసి గుడ్డ పరిచే థియేటర్లు నేటికీ ఉన్నాయి. మందు పని చేయడానికి రెండు మూడు నిమిషాలు కావాలి, దానంతటది ఆరాలి. గాటు పడే చోట మొదలుపెట్టి బయటికి పూయాలి. చంక, గజ్జ, బొడ్డు లాంటి చోట్లకు వేరే స్వాబు వాడాలి, వాటిని ముట్టిన స్వాబు గాటు చోటికి తిరిగి రాకూడదు.

స్పిరిట్ కలిసిన మందయితే ఆరడం ప్రాణం మీది సంగతి. నడుము కింద, బొడ్డులో, మెడ వంపులో మడుగు కట్టి, పైన గుడ్డ కప్పేస్తే ఆవిరి లోపలే నిలుస్తుంది. కాటరీ రవ్వ పడితే అంటుకుంటుంది. వెంట్రుకలు లేని చర్మమైతే కనీసం 3 నిమిషాలు, వెంట్రుకలున్న చోట గంటదాకా పడుతుంది. మడుగు కట్టినచోట గాజ్ గుడ్డతో అద్ది తీయాలి, తడిసిన దుప్పటి మార్చాలి.

ఏ మందు మంచిదన్న చర్చలో చిన్న ఆస్పత్రులవాళ్ళు చిన్నబోనక్కర్లేదు. స్పిరిట్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలన్నది నిజమే. అయితే భారత్‌తో కలిపి 7 దేశాల్లో చేసి, 2021లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఫాల్కన్ పరిశోధనలో కడుపు ఆపరేషన్లకు దానికీ మామూలు 10 శాతం పొవిడోన్ అయోడిన్‌కీ (బెటాడిన్) తేడా తేలలేదు. ఉన్న మందును ఓపికగా వాడండి.

5. తడిసిన గుడ్డ గుడ్డ కాదు

స్టెరైల్ అన్న మాటను కొత్త పిల్లలకు మడితో పోల్చి చెప్పేదాన్ని. మడి కట్టుకున్న అవ్వ ఎవరినీ తాకదు, తాకితే మళ్ళీ మొదటికి. థియేటర్లోనూ అంతే. ఒక్కచోట మాత్రం రెంటికీ పొత్తు కుదరదు. మడిలో తడిబట్ట పవిత్రం. మనకు తడిబట్టే మైల.

నూలుగుడ్డ పొడిగా ఉన్నంతసేపే అడ్డుగోడ. రక్తమో సెలైనో పడి తడిస్తే కింది చర్మం మీది క్రిములు దారం వెంట పైకి ఎక్కివస్తాయి. బెక్, కాలెట్ అనే అమెరికా వైద్యులు 1952లోనే ఈ సంగతి రాశారు. గౌను, డ్రేపు ఉన్నాయన్న ధీమా చాలదని హెచ్చరించారు. అందుకే నూలుగుడ్డ వాడితే కింద నీళ్ళు దిగని షీటు వేయాలి. తడిసిన చోట మరో పొడి గుడ్డ పైన వేయాలి. పొట్టలో నీళ్ళు పోసి కడిగే ఆపరేషన్లకు, సిజేరియన్‌కు తడి ఇంకని కిట్ దొరికితే దాన్నే వాడండి. మిగతావాటికి బాగా ఉతికి, బాగా ఆటోక్లేవ్ చేసిన గుడ్డ తక్కువదేమీ కాదు. రెండూ వాడవచ్చనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

6. ఆటోక్లేవ్ గదిలో గడిపిన గంట వృథా కాదు

థియేటర్లో అందరి కళ్ళూ సర్జన్ చేతుల మీదే ఉంటాయి. రోగి అదృష్టం చాలావరకు పక్కగదిలో, అంతకు ముందురోజే తేలిపోతుంది.

ఉతికి వచ్చిన ప్రతి గుడ్డనూ దీపానికి ఎదురుగా పట్టి చూడండి. టవల్ క్లిప్పు పొడిచిన చోట్ల సూదిమొనంత వెలుగుచుక్కలు కనిపిస్తాయి. అలాంటిది క్రిమికి వాకిలి. దాన్ని దారంతో రఫూ చేస్తే సూది గుచ్చిన ప్రతిచోటా ఇంకో రంధ్రం పడుతుంది. ఆ గుడ్డను పక్కన పెట్టి తుడవడానికి వాడుకోండి, రోగి మీద వేయకండి.

డ్రమ్ములో గుడ్డలు కుక్కొద్దు. మడతల మధ్య మీ అరచెయ్యి దూరేంత సందు ఉండాలి, లేకపోతే లోపలి గాలి బయటికి పోదు, ఆవిరి నడిమధ్యకు చేరదు. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, గుడ్డల మూటకు అరగంట. గడియారం చూడ్డం మొదలుపెట్టేది ఆ వేడి వచ్చాకే, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. మన వేసవిలో కరెంటు మధ్యలో పోతుంది. పోతే మిగిలిన నిమిషాలు కలుపుకోవడం కుదరదు, మళ్ళీ మొదటి నుంచి పెట్టాల్సిందే. లిస్టు ఆలస్యమవుతుందని ఎవరు కసిరినా సరే.

మూటకు అంటించిన ఆటోక్లేవ్ టేపు మీది గీతలు నల్లబడ్డాయంటే మూటకు వేడి తగిలిందని మాత్రమే అర్థం. లోపల క్రిములు చచ్చాయో లేదో తెలియాలంటే మూట నడిమధ్యలో బీజకణాల సీసా పెట్టి పరీక్షించాలి. జియోబాసిల్లస్ అనే, వేడికి లొంగని జాతి బీజకణాలు అందులో ఉంటాయి. అవే చచ్చిపోతే మిగిలినవి బతకవు. వారానికి ఒకసారైనా ఈ పరీక్ష చేసి రిజిస్టర్‌లో రాయండి.

బయటికి తీయగానే డ్రమ్ము కన్నాలు మూసేయాలి. వేడి డ్రమ్మును చల్లటి బండ మీద పెట్టొద్దు. లోపలి ఆవిరి నీరై గుడ్డలు చెమ్మగిల్లుతాయి, చెమ్మగిల్లిన మూట స్టెరైల్ కాదు. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఎలిమెంటుకు తెల్లటి పొర కడుతుంది, వేడి ఎక్కడానికి గంటలు పడుతుంది. నీటిని శుద్ధి చేసి పోయించండి, పొర గీయించండి. సూపరింటెండెంట్‌కు కాగితం పెట్టి అడగడానికి మొహమాటపడొద్దు.

7. పరవడం

గుడ్డ అంచును మీ చేతుల మీదికి మడిచి పట్టుకోండి, గ్లోవ్ రోగి చర్మానికి తగలకూడదు. ముందు మీ వైపు, తర్వాత అవతలి వైపు. పరవని చోటు మీదుగా చేయి చాచొద్దు. ఒకసారి వేసిన గుడ్డను గాటు వైపు జరపొద్దు. తప్పు చోట పడితే బయటివైపుకి లాగి తీసేసి కొత్తది వేయాలి. టవల్ క్లిప్పు ఒకసారి చర్మాన్ని తాకాక దాని మొన మైలపడినట్టే, తీసి ఇంకోచోట పెట్టొద్దు. టేబుల్ మట్టానికి కిందికి వేలాడేదేదీ స్టెరైల్ కాదు, అక్కడినుంచి పైకి లాక్కోకండి.

8. అయోడిన్ షీటు గురించి నిజం

1960లో తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది. దాని వెంట రుయా ఆస్పత్రి, తర్వాత టీటీడీ వారి బర్డ్, 1993లో స్విమ్స్ ఆస్పత్రులు వచ్చాయి. అంతకు ముందు పెద్ద ఆపరేషన్ అంటే చిత్తూరు జనం వేలూరు బస్సెక్కేవాళ్ళు. కీళ్ళ మార్పిడి, గుండె ఆపరేషన్లు మన ఊళ్ళోకే వచ్చాక అంటుకునే షీట్ల మాట కూడా మన థియేటర్లలో వినిపించడం మొదలైంది. గాటు పడే చోట చర్మానికే అంటించి, దాని మీదుగానే కోస్తారు. జిగురులోని అయోడిన్ మెల్లగా చర్మానికి అందుతుంది. ఆలోచన మంచిదే.

పరిశోధనలు ఏం చెప్పాయో కూడా వినండి. కోక్రేన్ సంస్థ పరిశోధనలన్నిటినీ పోగుచేసి 2007లో ఒక సమీక్ష వెలువరించింది, తర్వాత తాజా కూడా చేసింది. 5 పరిశోధనల్లోని 3,082 మంది రోగుల్లో అంటుకునే ప్లాస్టిక్ షీటు వేసినవాళ్ళకు చీము ముప్పు తగ్గకపోగా 23 శాతం దాకా పెరిగింది. ప్లాస్టిక్ కింద చర్మం చెమర్చి క్రిములు పెరగడం దీనికి ఒక కారణం కావచ్చు. అయోడిన్ షీట్లను విడిగా చూస్తే, 2 పరిశోధనల్లోని 1,113 మందిలో మేలూ కనపడలేదు, కీడూ కనపడలేదు. చీము రాకుండా ఉండడానికని ఈ షీట్లు, మందున్నవైనా లేనివైనా, వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. షీటు తప్పనిసరైతే అయోడిన్ ఉన్నదే వాడాలి, అయోడిన్ పడనివాళ్ళకు వద్దు అన్నది బ్రిటన్‌లోని నైస్ సంస్థ మాట.

షీటు పనికిరాదని నేననను. మోకాలి లాంటి వంపు తిరిగిన చోట గుడ్డలు జారకుండా పట్టి ఉంచుతుంది. పక్కనే మలద్వారమో, పాత పుండో ఉంటే దాన్ని వేరు చేస్తుంది. సర్జన్ అడిగితే శ్రద్ధగా వేయండి. చర్మం పూర్తిగా ఆరాలి. ఇద్దరు చెరో అంచూ పట్టి, లాగీ లాగనట్టు బిగువుగా పట్టి, నడిమి నుంచి పక్కలకు అరచేత్తో నొక్కుతూ గాలి బుడగ లేకుండా అంటించాలి. గాటు అంచున షీటు లేచిందా, ఆ సందులోంచి కింది తేమంతా గాయంలోకి దిగుతుంది. లేచిన ముక్కను సర్జన్‌కు చూపించి కత్తిరించమనండి. అయిపోయాక ముసలివాళ్ళ చర్మం మీంచి తీసేటప్పుడు ఒక చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి మెల్లగా ఒలవండి. కాగితంలాంటి ఆ చర్మం షీటుతోపాటే ఊడివస్తే అదొక కొత్త గాయం.

నా బాధల్లా ఒక్కటే. ఖరీదైన షీటు ఉందిగా అని మందు ఆరకముందే అంటించే తొందర చూశాను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ దగ్గరినుంచీ పేదల ఆపరేషన్లు ప్యాకేజీ డబ్బుతోనే జరుగుతున్నాయి. ఆ డబ్బులో షీటు కొనాలా, క్లిప్పర్లూ ఆటోక్లేవ్ పరీక్ష సీసాలూ కొనాలా అని అడిగితే నా ఓటు రెండోదానికే.

9. ఇంజెక్షన్, వెచ్చదనం, తలుపు

యాంటీబయాటిక్ గాటుకు ముందు రెండు గంటల లోపే పడాలి. సెఫజోలిన్ లాంటిదైతే గంట లోపే. ఆపరేషన్ అయ్యాక రోజుల తరబడి పొడిచినంత మాత్రాన చీము ఆగదు. రోగిని చలికి వణకనివ్వొద్దు. 1996లో కుర్ట్స్ అనే వైద్యురాలు, ఆమె బృందం పెద్దపేగు ఆపరేషన్లు చేసిన 200 మందిని గమనిస్తే, వెచ్చగా ఉంచినవాళ్ళలో 6 శాతానికి, చల్లబడినవాళ్ళలో 19 శాతానికి చీము పట్టింది. షుగర్ చూడండి. తలుపు మూసి ఉంచండి, సెల్‌ఫోన్ల కోసం బయటికీ లోపలికీ తిరగొద్దు.

10. మూసే ముందు మళ్ళీ శుభ్రం

కడుపు ఆపరేషన్లో కుట్లు వేసే ముందు అందరూ గ్లోవ్స్ మార్చాలి, కుట్లకు వేరే పరికరాలు పెట్టాలి. చీతా అనే పేరుతో భారత్‌తో సహా 7 దేశాల్లో 13,301 మంది రోగులతో చేసిన పరిశోధన 2022లో వెలువడింది. ఇంత చిన్న పనికే చీము 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. అంటే ప్రతి వందమందిలో ముగ్గురు. వాళ్ళు మనింటివాళ్ళయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ట్రేలో రెండో సెట్టు ముందే కట్టి ఉంచితే సర్జన్ ఎప్పుడూ కాదనరు.

11. వరస పొడుగైన రోజు భయపడండి

2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. అందరూ చిన్నపిల్లల తల్లులు. ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అక్కడ చేసిన డీపీఎల్ (రెండు చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ) ఆపరేషన్ అయిదు పది నిమిషాలది. పరికరాలు శుద్ధి కావడానికి పట్టే సమయం మాత్రం మన తొందరను బట్టి తగ్గదు. ఉన్న సెట్లు ఎన్నో, ఒక్కోటి తిరిగి శుద్ధయి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి, ఈరోజు ఇంతమందికే అని సిస్టర్ చెప్పగలగాలి. "సార్, స్టెరైల్ సెట్ అయిపోయింది, తర్వాతి పేషెంట్‌ను ఇంకో గంటకు తీసుకుందాం" అన్న మాట మర్యాదగా, అందరికీ వినపడేట్టు చెప్పడం నేర్చుకోండి. అద్దం ముందు నిలబడి సాధన చేసైనా సరే.

12. ముప్పై రోజులు

రోగి ఇంటికెళ్ళిపోయాక వచ్చే చీము మన రిజిస్టర్‌లోకి రాదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుంటారు, మనకు తెలియదు. మన థియేటర్లో అంతా బాగుందని మనం అనుకుంటూనే ఉంటాం. ఆపరేషన్ తర్వాత 30 రోజులు, లోపల రాడ్డో కీలో పెడితే 90 రోజులు లెక్కలోకి తీసుకోవాలి.

డిశ్చార్జ్ రోజున ఇంటి ఆడవాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. కుట్ల మీద పసుపు, వేపాకు, విభూతి, కొబ్బరినూనె ఏదీ వద్దు. ఎరుపు పాకినా, వాచినా, చీము కారినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా అదే రోజు రావాలి. వాళ్ళ చేత ఆ మాటలు తిరిగి చెప్పించుకోండి. ఫోన్ నంబర్ థియేటర్ రిజిస్టర్‌లోనే రాసుకుని వారానికోసారి, మళ్ళీ ముప్పయ్యో రోజున ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పి ఇంటికి పంపండి. చీము పట్టినవాళ్ళ పేర్ల పక్కన ఆరోజు ఏ డ్రమ్ము గుడ్డలు వాడామో, ఏ మందు పూశామో, ఎన్నో కేసో రాయండి. నెలాఖరున సర్జన్, మత్తు డాక్టరు, వార్డుబాయ్, గుడ్డలు ఉతికే ఆయన అందరినీ కూర్చోబెట్టి ఆ పేజీ చదివి వినిపించండి.